మూడు చక్రాల బండి – మలుపుల చరిత్ర

మన ఇళ్ళలోని ముక్కాలిపీటకు ఒక విశేషం ఉన్నది. నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా అది ఊగకుండా నిలబడుతుంది. నాలుగు కాళ్ళ బల్ల అట్లా కాదు. ఏదో ఒక కాలి కింద కాగితం మడిచి పెడితేగాని కుదురుకోదు. మూడు రాళ్ళ పొయ్యి మీద కుండ కదలకుండా ఉండటానికీ కారణం ఇదే. ఏ మూడు బిందువులనైనా ఒకే చదునైన తలం కలిపి పట్టుకోగలదని రేఖాగణితం చెబుతుంది. నాలుగవ బిందువు వచ్చి చేరినప్పుడే పేచీ మొదలవుతుంది.

ఈ న్యాయాన్ని బట్టి చూస్తే మూడు చక్రాల బండి అన్ని బండ్లలోకీ కుదురైనది కావలసి ఉన్నది. నిలబడి ఉన్నంతసేపూ అది నిజమే. నడక నేర్చుకొనే పసివాడి చేతికి మన పెద్దలు మూడు చక్రాల కొయ్యబండినే ఇచ్చారు. కాని బండి పుట్టింది నిలబడటానికి కాదు, నడవటానికి. నడిచే బండి ఎక్కడో ఒకచోట మలుపు తిరగక తప్పదు. ఆ మలుపులోనే మూడు చక్రాల బండి గుణమూ, దోషమూ రెండూ బయటపడతాయి. తొలి యంత్రవాహనాలలో పేరెన్నిక గన్నవి మూడు చక్రాలవి కావటానికీ, త్వరలోనే అవి నాలుగు చక్రాల బండ్లకు చోటిచ్చి తొలగిపోవటానికీ, మళ్ళీ మన కాలంలో ఒక చిన్న విద్యుత్తు మోటారును తోడు తెచ్చుకొని కొత్త రూపంలో ప్రత్యక్షం కావటానికీ ప్రధాన కారణం ఒక్కటే. అది బండిని మళ్ళించే పద్ధతి. మనం వాడుకలో స్టీరింగు అనేది. ఆ కథను ఇక్కడ సంగ్రహంగా చెప్పుకుందాము.

రెండెడ్ల బండికి స్టీరింగు అక్కరలేదు. కాడి కింద ఎడ్లు ఎటు తిరిగితే బండి అటే తిరుగుతుంది. నాలుగు చక్రాల గుర్రపుబండి వచ్చేసరికి చిక్కు ఏర్పడింది. దాని ముందు ఇరుసును మొత్తంగా, నడుమ ఉన్న ఒక శీల మీద తిప్పవలసి వచ్చేది. ఇరుసు బాగా తిరిగినప్పుడు ఒక చక్రం బండి పెట్టె కిందికి చొచ్చుకొనిపోయి, బండికి ఆ పక్క ఆనుడు తగ్గిపోయేది. వేగంగా మళ్ళిన బండి బోల్తా పడటానికి అంతకన్న ఏమి కావాలి? ఇరుసును కదలనివ్వకుండా దాని చివరల వద్ద చక్రాలను మాత్రమే తిప్పితే ఈ ప్రమాదం తప్పుతుంది. కాని అప్పుడు మరొక చిక్కు. మలుపులో లోపలి చక్రం చిన్న వలయం మీద, బయటి చక్రం పెద్ద వలయం మీద నడవాలి. రెండూ ఒకే కోణంలో తిరిగితే చక్రాలు సాఫీగా దొర్లక నేలను రాచుకుంటూ పోతాయి. లోపలి చక్రం కొంచెం ఎక్కువగా, బయటిది కొంచెం తక్కువగా తిరగాలి.

ఈ సూక్ష్మాన్ని ఇంగ్లండులో ఎరాస్మస్ డార్విన్ అనే వైద్యుడు 18వ శతాబ్దంలోనే గ్రహించాడు. జీవపరిణామ సిద్ధాంతకర్త చార్లెస్ డార్విన్‌కు ఈయన తాతగారు. రోగులను చూడటానికి బండిలో ఊళ్ళు తిరిగే వైద్యుడు గనుక బండి బోల్తా పడటంలోని కష్టం ఆయనకు తెలిసి ఉండటంలో ఆశ్చర్యం లేదు. తరువాత మ్యూనిక్ నగరంలో బండ్లు తయారుచేసే లాంకెన్‌స్పెర్గర్ అదే పద్ధతిని రూపొందించగా, ఆయన పక్షాన 1818లో రుడాల్ఫ్ ఆకర్‌మన్ లండనులో పేటెంటు పొందాడు. కనిపెట్టినవాడి పేరు మరుగునపడి, పేటెంటు పుచ్చుకొన్నవాడి పేరే నేటికీ ఆ పద్ధతికి నిలిచిపోయింది. గుర్రపుబండ్ల కాలంలో మాత్రం దానికి తగిన ఆదరణ లభించలేదు.

చక్రాలను తిప్పటంలో ఇంత తంటా ఉన్నప్పుడు, ముందు ఒకే చక్రం పెట్టుకుంటే సరిపోదా? లోపలి చక్రం, బయటి చక్రం అనే భేదమే ఉండదు గదా! యంత్రవాహనాలను నిర్మించిన తొలితరం వారిలో కొందరు ఈ దారినే పట్టారు.

వారిలో మొదటగా చెప్పుకోదగినవాడు ఫ్రెంచి సైన్యపు ఇంజనీరు నికొలా జోసెఫ్ క్యూన్యో. ఫిరంగులను లాగటానికి ఆయన 1769లో ఒక చిన్న ఆవిరిబండినీ, తరువాత 1770–71లో పెద్దబండినీ నిర్మించాడు. దానికి వెనుక రెండు చక్రాలు, ముందు ఒక చక్రం. ఖాళీబండి బరువే సుమారు రెండున్నర టన్నులు. ఆయన చేసిన సాహసం ఏమంటే, బాయిలరునూ ఇంజనునూ కూడా ఆ ముందు చక్రం మీదనే మోపాడు. బండిని నడిపేదీ ఆ చక్రమే, మళ్ళించేదీ ఆ చక్రమే. కాబట్టి చక్రాన్ని తిప్పటమంటే కాగుతున్న బాయిలరును కూడా దానితోపాటు తిప్పటమన్నమాట. ఆ బండి ఒకనాడు అదుపు తప్పి గోడను పడగొట్టిందని తరువాతి కాలంలో ఒక కథ ప్రచారంలోకి వచ్చింది. కథ మాట ఎట్లా ఉన్నా, పారిస్ మ్యూజియంలో నేటికీ భద్రంగా ఉన్న ఆ బండిని చూచినవారు అది జరగరానిదని మాత్రం అనుకోరు. ఒంటిచక్రం కోణాల చిక్కును తొలగించింది. బరువు చిక్కును తొలగించలేదు.

నూరు సంవత్సరాలకు పైగా గడచిన తరువాత జర్మనీలో కార్ల్ బెంజ్ పెట్రోలుతో నడిచే వాహనానికి 1886 జనవరి 29న పేటెంటు దరఖాస్తు దాఖలుచేశాడు. ఈనాటి మోటారు కార్లకు ఆదిపురుషుడని చెప్పదగిన ఆ బండికి కూడా మూడే చక్రాలు. ఇంజను శక్తి ఒక గుర్రపుబలం కన్న తక్కువ. వేగం గంటకు సుమారు 16 కిలోమీటర్లు. నాలుగు చక్రాల బండిని మళ్ళించే పద్ధతి ఏదీ తనకు తృప్తి కలిగించకపోవటం వల్లనే ఆయన ముందు ఒక్క చక్రంతో సరిపెట్టుకున్నాడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసింది కూడా మూడు చక్రాల మీదనే. తరువాత కొద్దికాలానికి, 1893లో, రెండు ముందు చక్రాలను తిప్పే పద్ధతికి బెంజ్ స్వయంగా పేటెంటు సంపాదించాడు. ఆ వెంటనే ఆయన బండి నాలుగు చక్రాలది అయింది. మూడవ చక్రం తాత్కాలికమైన రాజీ అని దీనివల్ల స్పష్టమవుతున్నది.

ఆ రాజీకి చెల్లించవలసిన మూల్యం ఏమిటి? నేలమీద మూడు చక్రాలు ఆనిన చోట్లను గీతలతో కలిపితే ఒక త్రిభుజం ఏర్పడుతుంది. బండి బరువంతా ఒకచోట కేంద్రీకరించి ఉన్నట్లు భావించే బిందువును గరిమనాభి అంటారు. దాని నుండి వేలాడదీసిన గుండునూలు ఈ త్రిభుజం లోపల పడినంతవరకు నిలిచి ఉన్న బండి పడిపోదు. బండి వేగంగా మలుపు తిరిగేటప్పుడు బరువు వెలుపలికి మొగ్గుతుంది. సరిగా అదే సమయంలో బ్రేకు వేస్తే బరువు ముందుకు కూడా మొగ్గుతుంది. ముందు ఒకే చక్రం ఉన్న బండిలో త్రిభుజం ముందుకు పోయినకొద్దీ సన్నబడుతుంది. అంటే బరువు వెళ్ళి చేరేది, దానికి ఆధారం అతి తక్కువగా ఉన్న మూలకు. వెలుపలి వెనుక చక్రానికీ ముందు చక్రానికీ మధ్య ఉన్న గీతను గుండునూలు దాటిందా, లోపలి వెనుక చక్రం నేలను వదలుతుంది.

ఈ విషయం తెలుగునాట ప్రతి కుటుంబానికీ సంబంధించినదే. ఇటలీలో వెస్పా స్కూటరును రూపొందించిన కొరాదినో దస్కానియో, యుద్ధానంతరం చిన్న వర్తకుల సరకు రవాణాకోసం దానికి వెనుక ఒక ఇరుసు తగిలించి మూడు చక్రాల బండిని తయారుచేశాడు. వెస్పా అంటే కందిరీగ; ఈ కొత్తబండికి తేనెటీగ అనే అర్థంలో ఆపే అని పేరు పెట్టారు. 1948 నాటికి అది వీధులలోకి వచ్చింది. మన దేశంలో బజాజ్ సంస్థ 1959లో రెండు, మూడు చక్రాల వాహనాల తయారీకి ప్రభుత్వ లైసెన్సు పొందింది. నేడు బడికి వెళ్ళే పిల్లలూ, ఆస్పత్రికి వెళ్ళే రోగులూ, సంతకు వెళ్ళే కూరగాయల తట్టలూ ఎక్కేది ఆ కుటుంబానికి చెందిన ఆటోనే. దాని హ్యాండిల్ నేరుగా ఒంటిచక్రాన్ని తిప్పుతుంది. చక్రం చిన్నది, దానిపై పడే బరువు కూడా పరిమితమే గనుక మామూలు భుజబలం చాలును. రోడ్డు మీది ప్రతి గుంతా డ్రైవరు అరచేతికి తెలుస్తుంది. అనుభవజ్ఞుడైన ఆటోడ్రైవరు మలుపుకు ముందే వేగం తగ్గిస్తాడు. మలుపు మధ్యలో బ్రేకు వేయడు. త్రిభుజం సంగతి ఆయన పుస్తకంలో చదివి ఉండకపోవచ్చును; చేతి ద్వారా చదివాడు. పరిమితికి మించి జనాన్ని ఎక్కించినప్పుడు గరిమనాభి మారిపోతుంది. అప్పుడు ఆ చేతికి ఉన్న అనుభవం కూడా అక్కరకు రాకపోవచ్చును.

త్రిభుజాన్ని తిరగవేస్తే ఏమవుతుంది? అంటే ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి. అప్పుడు బ్రేకు వేసినప్పుడు ముందుకు మొగ్గిన బరువుకు వెడల్పైన ఆధారం దొరుకుతుంది. ఫ్రాన్సులో లెయోన్ బొలే 1895లో ఈ క్రమంలో ఒక తేలికబండిని నిర్మించాడు. ఇంగ్లండులోని మాల్వర్న్ పట్టణంలో హెచ్. ఎఫ్. ఎస్. మోర్గన్ 1909లో ఇటువంటిదే నిర్మించి, మరుసటి సంవత్సరం లండను ప్రదర్శనలో ఉంచాడు. తేలికైన మూడు చక్రాల బండికి మోటారు సైకిలు పన్నే పడేది గనుక సామాన్య కుటుంబీకులు దానిని ఆదరించారు. 1950 తరువాత కొద్దికాలానికే ఆ బండ్ల తయారీ ఆగిపోయినా, 2011లో అదే సంస్థ తిరిగి మొదలుపెట్టింది.

కాని ముందుకు రెండు చక్రాలు రాగానే పాత చిక్కులన్నీ తిరిగివచ్చాయి. రెండు కోణాలు, రెండు టైర్ల రాపిడి, ఎక్కువ బరువు! మోర్గన్ తొలి బండ్లలో మళ్ళించేందుకు ఒక కర్రవంటి పిడి ఉండేది. త్వరలోనే దాని స్థానంలో గుండ్రని స్టీరింగు చక్రం వచ్చింది. ఈ మార్పులోని రహస్యం మన ఏతం చూచినవారికి సులభంగా బోధపడుతుంది. మీట పొడవు పెరిగినకొద్దీ శ్రమ తగ్గుతుంది; అయితే చెయ్యి ఎక్కువ దూరం కదలాలి. గుండ్రని చక్రాన్ని ఈ చివరి నుండి ఆ చివరికి మూడు చుట్లు తిప్పవచ్చును. చెయ్యి అంత దూరం తిరిగితే రోడ్డు మీది చక్రం తిరిగేది కొద్దిగా మాత్రమే. కాబట్టి బరువు తెలియదు. మోటారు సైకిలు హ్యాండిల్‌ను చుట్లు చుట్లుగా తిప్పటం సాధ్యం కాదు. అది ఇటు కొంచెం, అటు కొంచెం మాత్రమే కదలగలదు. ఆ కొద్ది కదలికలోనే రెండు చక్రాలనూ పూర్తిగా మళ్ళించాలంటే భారమంతా భుజాల మీద పడుతుంది. హ్యాండిల్ గల బండికి ముందు రెండు వెడల్పు చక్రాలు అమర్చటానికి ఇది పెద్ద అడ్డంకి అయింది.

ఈ భారాన్ని యంత్రం మీద వేసే ఉపాయం మొదట పెద్ద కార్లకోసం, లారీలకోసం పుట్టింది. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు, బరువైన లారీలను తిప్పలేక డ్రైవర్లు పడే అవస్థ ఎరిగినవాడు, 1926లో తన పియర్స్-ఆరో కారుకు నూనె ఒత్తిడితో పనిచేసే పవర్ స్టీరింగును అమర్చి చూపాడు. డ్రైవరు చెయ్యి కొద్దిగా మెలితిప్పగానే ఒక కవాటం తెరచుకుంటుంది; ఒత్తిడితో వచ్చిన నూనె ముషలకాన్ని నెట్టి మిగిలిన పని పూర్తిచేస్తుంది. తయారీదారులు ఖర్చుకు జంకటం వల్ల ఇది సామాన్య వాహనాలకు రావటానికి పాతిక సంవత్సరాలు పట్టింది. ఈ లోపల రెండవ ప్రపంచయుద్ధంలో సైనిక వాహనాలకు అక్కరకు వచ్చింది. చివరకు 1951లో క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారులో దీనిని ప్రవేశపెట్టింది. కొన్నవారు ఒక వేలితో కారు తిప్పవచ్చునని సంతోషించారు. కాని అనుభవజ్ఞులైన కొందరు డ్రైవర్లకు ఒక వెలితి తోచింది. చక్రం తేలికయింది సరే, కింద రోడ్డు ఎట్లా ఉన్నదో చేతికి తెలియటం లేదు. తడి రోడ్డు మీద టైరు పట్టు సడలేటప్పుడు హెచ్చరించే ఆ చిన్న బిగువు కూడా నూనెలో కలిసిపోయింది. అప్పటి నుండి పవర్ స్టీరింగు నిపుణుల ముందున్న ప్రశ్న ‘ఎంత సహాయం చేయాలి’ అన్నది మాత్రమే కాదు, ‘ఎంత సహాయం చేయకుండా ఉండాలి’ అన్నది కూడా.

1988లో జపానులో సుజుకి సంస్థ సెర్వో అనే చిన్న కారుకు నూనెకు బదులు విద్యుత్తు మోటారుతో పనిచేసే పవర్ స్టీరింగును అమర్చింది. నూనె పంపు అక్కరలేదు. తిప్పినప్పుడే కరెంటు ఖర్చవుతుంది. అన్నిటినీ మించి, వేగాన్ని బట్టి సహాయాన్ని పెంచనూ వచ్చును, తగ్గించనూ వచ్చును. హ్యాండిల్ గల మూడు చక్రాల బండికి కావలసినది సరిగా ఇదే.

2007లో కెనడాలోని బొంబార్డియర్ రిక్రియేషనల్ ప్రాడక్ట్స్ సంస్థ స్పైడర్ అనే మోటారు సైకిలును లోకానికి చూపింది. మంచుమీద నడిచే బండ్లకు పేరుపొందిన సంస్థ అది. మంచుబండికి ముందు రెండు జారుడుపలకలు, వెనుక ఒక పట్టా, చేతికి హ్యాండిల్ ఉంటాయి. ఆ ఆకృతినే రోడ్డుకు దించి, పలకల స్థానంలో చక్రాలు పెట్టినట్లుగా ఉంటుంది స్పైడర్. బరువు 300 కిలోలకు పైమాటే. హ్యాండిల్ కింద ఉన్న విద్యుత్తు మోటారు లేకపోతే దానిని నెమ్మదిగా మళ్ళించటం వ్యాయామమే అవుతుంది.

అంతకు ముందు సంవత్సరమే పియాజియో సంస్థ, మలుపులో పక్కకు వాలే మూడు చక్రాల స్కూటరును మార్కెట్టులోకి తెచ్చింది. స్పైడర్ అట్లా వాలదు. రెండు చక్రాల మోటారు సైకిలుకు అలవాటుపడినవాడు వేగంలో ఎడమకు పోవాలంటే హ్యాండిల్ ఎడమ కొసను కొద్దిగా ముందుకు నొక్కుతాడు; బండి ఎడమకు వాలి, అటే మళ్ళుతుంది. ఇక్కడ ఆ విద్య పనికిరాదు. ఎడమకు పోవాలంటే హ్యాండిల్‌ను ఎడమకే తిప్పాలి. బండి వాలదు గనుక మలుపులో మనిషి శరీరం వెలుపలికి తూలుతుంది. తూలినవాడు చేతికందిన హ్యాండిల్‌నే గట్టిగా పట్టుకొని లాగుతాడు. మోటారుకు ఆజ్ఞకూ తడబాటుకూ భేదం తెలియదు. ఆ లాగుడును కూడా ఆజ్ఞగానే స్వీకరించి దానికి తన బలం జోడిస్తుంది. అందుచేత ఇటువంటి బండి నడిపేవాడు మోకాళ్ళతో బండిని అదిమిపట్టి, చేతులను వదులుగా ఉంచుకోవటం అలవరచుకోవాలి.

ఈ పవర్ స్టీరింగు పరికరం పాడై, దాని స్థానంలో కొత్తది అమర్చినప్పుడు బండి నడత మారినట్లు తోస్తుంది. ఎందువల్ల? పరికరంలో ముఖ్యమైన అంగాలు మూడు. హ్యాండిల్ కడ్డీ ఎంత మెలిపడిందో కొలిచే గ్రాహకం మొదటిది. ఆ కొలతనూ, బండి వేగాన్నీ చూచి ఎంత సాయం చేయాలో నిర్ణయించే నియంత్రకం రెండవది. ఆ సాయం చేసే మోటారు మూడవది. నిదానంగా పోయేటప్పుడు సాయం ఎక్కువ, వేగం పెరిగినకొద్దీ తక్కువ. కొత్త పరికరానికి ‘హ్యాండిల్ తిన్నగా ఉన్నది, చెయ్యి ఏ బలమూ ప్రయోగించటం లేదు’ అనే స్థితి ఏదో ముందుగా సరిచూచి నేర్పాలి. ఆ సున్న తప్పితే, తిన్నని రోడ్డు మీద కూడా మోటారు ఒక పక్కకు సన్నగా నెడుతూనే ఉంటుంది. వేగపు కొలత సరిగా అందకపోతే సహాయం తగ్గిపోవచ్చును, ఆగిపోవచ్చును. హ్యాండిల్‌కూ చక్రాలకూ మధ్య ఇనుప లంకె ఉంటుంది గనుక బండి మళ్ళకుండా పోదు, బరువెక్కుతుంది.

లోపమంతా పరికరంలోనే ఉన్నదనుకోవటమూ పొరపాటే. టైర్లలో గాలి తగ్గినా, రెండు ముందు చక్రాల వరుస తప్పినా, కడ్డీల కీళ్ళు అరిగినా చేతికి తెలిసేది ఒకే విధమైన అసౌకర్యం. కాబట్టి పరికరం మార్చే ముందూ, మార్చిన తరువాతా ఇవన్నీ పరీక్షించటం అవసరం. వీటన్నిటికీ మించిన కారణం మరొకటి ఉన్నది. అది బండిలో లేదు, నడిపేవాడిలో ఉన్నది. పాత పరికరం క్రమంగా బిగుసుకుపోతుంటే చెయ్యి తనకు తెలియకుండానే రోజురోజుకూ బలం పెంచుకుంటూ వస్తుంది. కొత్తది అమర్చిననాడు కూడా అదే బలంతో తిప్పితే బండి అనుకున్నదానికన్న చురుకుగా పక్కకు దూకుతుంది. ‘కొత్తది మంచిది కాదు’ అంటాడు యజమాని. నిజానికి మరమ్మతు పూర్తి అయినది యంత్రానికి. చేతికి ఇంకా కాలేదు. విశాలమైన ఖాళీచోట, తక్కువ వేగంలో, కొన్ని మలుపులు తిరిగి చెయ్యి తన పాఠం తిరిగి నేర్చుకున్న తరువాతనే పెద్దరోడ్డు ఎక్కటం క్షేమకరం.

క్యూన్యో బాయిలరు మొదలు నేటి విద్యుత్తు మోటారు వరకు ఈ చరిత్ర చేతికి శ్రమ తగ్గిస్తూ వచ్చిన చరిత్రే. కాని శ్రమ తగ్గిన ప్రతిసారీ రోడ్డు చేతికి చెప్పే కబురు కూడా మారుతూ వచ్చింది. త్రిభుజం మాత్రం మారలేదు. వెనుకటి ఆవిరిబండికైనా, నేటి బాటరీ ఆటోకైనా, కెనడా మోటారు సైకిలుకైనా గరిమనాభి విధించే శాసనం ఒక్కటే. ఎడ్లబండి తోలేవాడు పగ్గాన్ని మరీ బిగించడు, మరీ వదలడు. ఎద్దు మెడలోని కదలిక తన చేతికి అందేంత బిగువు మాత్రం నిలుపుకుంటాడు. మంచి స్టీరింగుకు కొలత కూడా అదే. బండి ఎంత తేలికగా తిరిగిందన్నది తరువాతి మాట; తిరిగేటప్పుడు రోడ్డు సంగతి చేతికి తెలిసిందా లేదా అన్నదే మొదటి మాట.